ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు

తెలుగులో నా పేరు రాయగలను. అంతకు మించి అక్షరాలతో నాకు పరిచయం లేదు. అందుకని ఇది నేను చెబుతున్నాను, ఢిల్లీ మునిర్కాలో నేనుండే బిల్డింగులో పై గదిలో అద్దెకుండే యూనివర్సిటీ అమ్మాయి రాస్తోంది. మధ్యమధ్యలో ఆపి, "ఆంటీ, ఈ మాట బాగుండదు, తీసేద్దామా?" అంటోంది. తీయొద్దన్నాను. నా నోటికి అంతకన్నా మంచి మాటలు రావు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న మా ఇంటిపనివాళ్ల సంఘంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు వచ్చారు. "ఆంటీ, వాట్సాప్ గ్రూపులో అందరూ బొటనవేలు పెట్టేశారు. ఉత్తరం పంపించేస్తున్నాం" అన్నారు.

"ఉత్తరంలో ఏముంది? నాకెవరూ చదివి వినిపించలేదే!"

"మీరూ వేలు పెట్టారుగా ఆంటీ!"

ఫోను తీసి చూపించారు. నిజమే, నా వేలూ ఉంది. ఎవరో గుడ్‌మార్నింగ్ పెట్టారనుకుని నొక్కాను. ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం. నవ్వు ఆగాక వాళ్లని కూర్చోబెట్టి ఈ కథ చెప్పాను. విని, రాయించమన్నారు. పిల్లలూ, మీరంతా చదువుకున్నవాళ్లు. సంఘం మీ చేతుల్లోకి వచ్చింది. నేను ఎక్కడ జారిపడ్డానో తెలిస్తే మీరు అక్కడ కాస్త చూసి నడుస్తారు.

మా ఊరు బాపట్ల వైపు. మా ఆయన కంటోన్మెంటులో మెస్సు వంటవాడు. ఆయన వెంట ఢిల్లీ వచ్చాను. ఒక పొద్దున గుండె ఆగి ఆయన పోయాడు. క్వార్టరు ఖాళీ చేసి మునిర్కాలో ఒక గది తీసుకున్నాను. వసంత్ కుంజ్‌లో ఒక అపార్టుమెంట్ల సొసైటీలో మూడిళ్ల వంట పట్టాను. మోకాళ్లు మొరాయించేదాకా అక్కడే చేశాను. పప్పుచారు కాచి సాంబారని పెట్టినా వాళ్లకు తేడా తెలిసేది కాదు, వేళ్లు నాక్కుని తినేవాళ్లు. చెడ్డవాళ్లు కాదు. ఈ కథలో చెడ్డవాళ్ల కోసం వెతక్కండి, దొరకరు.

ఆ సొసైటీలో నాలుగు బ్లాకులు. ప్రతి ఇంటికీ రెండో మూడో బాత్రూములు. అవన్నీ కడిగేది మేమే. మాకు మాత్రం ఒక్కటి లేదు. పొద్దున అయిదున్నరకు ఇంట్లో ఒంటికి పోసుకుని బయల్దేరితే, మళ్లీ మధ్యాహ్నం రెండున్నరకు ఇంటికొచ్చాకే. అందుకని మంచినీళ్లు తాగేవాళ్లం కాదు. మే నెలలో, ఢిల్లీ ఎండలో, పొయ్యి దగ్గర నిలబడి, గొంతు తడుపుకోకుండా వంట చేయడం ఎట్లా ఉంటుందో మీ వంటింట్లో ఒక్కరోజు చేసి చూడండి. మాలో ఒకామెకు మూత్రంలో మంట వచ్చి, ఆసుపత్రిలో పడుకుని మరీ వచ్చింది.

మాకొక చిన్న సంఘం ఉండేది. నలభైమందికి పైగా ఆడవాళ్లం. మధ్యాహ్నాలు పార్కులో కలిసేవాళ్లం. నన్ను లీడరుని చేశారు. నా తెలివి చూసి అనుకునేరు. బెంగాల్ వాళ్లదొక జట్టు, బిహార్ వాళ్లదొక జట్టు. వీళ్ల మనిషిని వాళ్లు ఒప్పుకోరు, వాళ్ల మనిషిని వీళ్లు ఒప్పుకోరు. నేను ఏ జట్టూ కాదు, పైగా నోరు పెద్దది. అంతే, అయిపోయాను.

మాకూ ఒక టాయిలెట్ ఇవ్వండని అర్జీ రాయించాం. రాసింది ఇప్పుడు ఇది రాస్తున్న అమ్మాయే, అప్పుడింకా కొత్తగా వచ్చింది. అందరి వేలిముద్రలూ తీసుకుని నేను సొసైటీ సెక్రటరీ సాబ్‌కి ఇచ్చాను. ఆయన హిందీలో ఉంది, ఇంగ్లీషులో తెమ్మన్నాడు. తెచ్చాం. తేదీ పాతబడింది, మార్చమన్నాడు. మార్చాం. మూడోసారి, "డిమాండ్ అని కాదు, రిక్వెస్ట్ అని రాయండి" అన్నాడు. ప్రతిసారీ కాగితం కొత్తది, వేలిముద్రలు మళ్లీ మొదటి నుంచి. ఒకామె ఏ-బ్లాకుకి ఆరింటికి వస్తుంది, ఇంకొకామె డి-బ్లాకు నుంచి పదకొండింటికి పోతుంది. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య పరుగెత్తేవాళ్లని మెట్ల మీద ఆపి వేలు పట్టుకోవాలి. పది రోజులు పట్టేది.

ఆ నీలం సిరా కడిగితే పోయేది కాదు. బిహార్ నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె ఉండేది. మేమంతా మౌసీ అనేవాళ్లం. ఆమె వత్తిన పరాఠా మీద నీలం మచ్చ చూసి, బూజు పట్టిందని ఆ ఇంటి మేడమ్ పిండి మొత్తం పారబోయించింది. నాలుగోసారి నేను సిరా డబ్బాతో వెళ్లేసరికి మౌసీ మెట్ల మీదే నిలబడి అరిచింది.

"అరే మద్రాసన్! ఎన్నిసార్లు పట్టుకుంటావు నా వేలు? నా పెళ్లికొడుకు కూడా ఒక్కసారే పట్టుకున్నాడు!"

"నేనేం చేయను మౌసీ, సాబ్ మళ్లీ తిప్పి పంపాడు."

"అయితే ఒక పని చెయ్. నాలుగైదు ఖాళీ కాగితాలు తే. అందరి వేళ్లూ ఒకేసారి కింద పెట్టించేయ్. పైన సగం వదిలేయ్. ఆ సాబ్‌కి ఏది కావాలంటే అది పైన రాయించుకో. నువ్వున్నావుగా!"

అందరూ బాగుంది బాగుంది అన్నారు. నాకూ బాగుందనిపించింది. అట్లా అయిదు కాగితాల మీద, కింద సగంలో, వరసలు వరసలుగా వేళ్లు పెట్టించాను. ఆ కాగితాలు మడిచి మా పెళ్లినాటి పెద్ద బైబిల్లో పెట్టాను. అక్కడైతే ఎవరూ ముట్టుకోరని. చదవడం రాదు కాబట్టి నేనూ ముట్టుకోనని.

అప్పుడు జరిగింది అసలు సంగతి. మాలో బెంగాల్ నుంచి వచ్చిన చిన్నమ్మాయి ఒకతి ఉండేది. నాలుగిళ్లలో తుడవడం, కడగడం. చెల్లీ అని పిలిచేదాన్ని. ఒకరోజు ఇక ఆపుకోలేక క్లబ్ హౌసులో మెంబర్ల, అంటే ఫ్లాట్ల ఓనర్ల, టాయిలెట్‌లోకి వెళ్లింది. ఎవరో చూశారు. మర్నాడు గేటు దగ్గర గార్డు ఆమె లోపలికి వెళ్లే కార్డు మిషను ముందు పెడితే ఎర్ర లైటు వెలిగింది, కార్డు ఆపేశారు. ఆమె పనిచేసే నాలుగిళ్లకూ ఫోన్లలో కబురు పోయింది. పని పోయింది. అయినా ఆ పిల్ల రోజూ పొద్దున్నే టైముకి వచ్చేది. గేటుకి ఎదురుగా ఫుట్‌పాత్ మీద గొడుగు వేసుకుని కూర్చునేది. ఎందుకే అంటే, "పిలిస్తే దూరంగా ఉండకూడదు కదా దీదీ" అనేది.

నేను సెక్రటరీ సాబ్ దగ్గరికి వెళ్లాను, టాయిలెట్ సంగతీ, ఈ పిల్ల కార్డు సంగతీ రెండూ అడుగుదామని. ఎప్పుడూ తలుపు దగ్గర నిలబెట్టి మాట్లాడే మనిషి, ఆరోజు లేచి కుర్చీ చూపించాడు.

"బైఠియే అమ్మాజీ. మీరు ఇంతమందికి లీడరు, నిలబడి మాట్లాడతారా?"

కూర్చున్నాను. ఏసీ గది. చాయ్ వచ్చింది. మాకు ఇళ్లలో పెట్టే స్టీలు గ్లాసు కాదు, పింగాణీ కప్పు. కింద సాసరు. చాయ్ సాసరులో పోసుకోవాలో కప్పుతోనే తాగాలో తెలియక చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాను.

"బేస్‌మెంటులో ఒక టాయిలెట్ ఖాళీగా ఉంది. సోమవారం తెరిపిస్తాను" అన్నాడు. నా గుండె ఎగిరింది. "కానీ మెంబర్లు కోపంగా ఉన్నారు. మీ అర్జీలో ఒక్క లైను కలపాలి. ఆ అమ్మాయి చేసింది తప్పు, ఆమెను ఆపడం సరైనదే అని మీ పనివాళ్లంతా ఒప్పుకుంటున్నట్టు. ఆదివారం మీటింగులో ఆ కాగితం ఇస్తే అందరూ చల్లబడతారు."

"మరి ఆ పిల్ల సంగతి సాబ్?"

"ఢిల్లీలో సొసైటీలకేం తక్కువ? ఇంకోచోట పని దొరుకుతుంది."

నేను చేసింది దాచను. "ఠీక్ హై" అన్నాను. నలభైమందికి మంచి జరుగుతుంది, ఒక్కతేగా అనుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చిన ఆమె గుర్తొచ్చింది. ఇవన్నీ నిజమైన కారణాలే. ఆ కుర్చీ, ఆ సాసరు కూడా కారణాలే. ఎన్నేళ్లుగానో పని చేసిన చోట నన్ను మొదటిసారి కూర్చోమన్నారు. వెంటనే కాదనడానికి నోరు రాలేదు.

మర్నాడు బైబిల్లోంచి ఒక కాగితం తీసుకెళ్లి ఇచ్చాను. ఆఫీసులో పైసగం మీద ఇంగ్లీషులో కొట్టించారు. అందరితో, "ఆదివారం రండి, శుభవార్త ఉంది" అన్నాను. ఆ ఒక్క లైను సంగతి చెప్పలేదు. ఫుట్‌పాత్ మీద పిల్లతో, "నీ సంగతి తర్వాత చూద్దాంలే" అన్నాను. "నువ్వున్నావుగా దీదీ" అంది. అచ్చం మౌసీ అన్న మాటే.

ఆదివారం పొద్దున పచ్చిక మీద షామియానా వేశారు. మెంబర్లకు కుర్చీలు, సమోసాలు. మా వాళ్లంతా ఉతికిన చీరలు కట్టుకుని వెనక మొక్కల పక్కన నిలబడ్డారు. మంటతో బాధపడిన ఆమె బొట్టు కూడా పెద్దది పెట్టుకుంది. చెల్లిని లోపలికి రానివ్వరుగా, గేటు ఊచల్లోంచి చూస్తోంది. సెక్రటరీ సాబ్ కాగితం నా చేతికిచ్చి, "పిలిచినప్పుడు ప్రెసిడెంట్ గారికి మీ చేత్తో ఇవ్వండి, ఫొటో తీస్తారు" అన్నాడు.

పిలిచేలోపు కార్ల పార్కింగు గొడవ మొదలైంది. అది అయ్యాక కుక్కల గొడవ. ఎవరి కుక్క ఎవరి గడప ముందు కూర్చుందో తేలడానికి గంట పట్టింది. ఆ గంటా నేను ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. చేతిలో కాగితం ఉంటే కళ్లు దాని మీదికే పోతాయి కదా.

పైన ఇంగ్లీషు నాకు గోడ మీద చీమల బారు. కింద సగం మాత్రం నాకు చదవడం వచ్చు. నాలుగుసార్లు నలభైమంది వేళ్లు పట్టుకున్నదాన్ని. మొదటి వరసలో మౌసీది, వెడల్పుగా, అంట్లు తోమి తోమి గీతలు అరిగిపోయి నున్నగా ఉంది. పక్కది భయపడుతూ సగమే ఆనించినామెది. ఆ కింద వెల్లుల్లి ఒలిచి ఒలిచి గోరు వంకరపోయినామెది. ఒక్కొక్కరినీ పలకరిస్తున్నట్టు చూసుకుంటూ పోతున్నాను. మూడో వరసలో ఒక వేలి మీద అడ్డంగా తెల్లటి గీత. కత్తిపీట మీద చేప కోస్తుంటే తెగిన గాటు. చెల్లి వేలు.

ఆ కాగితాలు చేయించినప్పుడు ఆమె కార్డు ఇంకా పోలేదు కదా! అందరితోపాటు నవ్వుకుంటూ వేలు పెట్టింది. "ఆ అమ్మాయిని ఆపడం సరైనదే" అన్న మాట కింద ఆ అమ్మాయి వేలే ఉంది. ఆమె చేతే ఆమెను బయటికి గెంటించాను. అప్పుడు మిగతా వేళ్లు చూశాను. అవీ అంతేగా! ఎవరికి తెలుసు పైన ఏముందో? ఒక్కదాన్ని మోసం చేశాననుకున్నాను, కాదు, నలభైమందినీ చేశాను.

"అమ్మాజీ, ఆయియే!" మైకులో పిలిచారు.

లేచి వెళ్లాను. ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు. నేను మైకు పట్టుకున్నాను.

"సాబ్, ఈ కాగితం నేను ఇవ్వను. పైన ఏం రాసి ఉందో కింద వేలు పెట్టిన ఒక్కరికీ తెలియదు. నాకు తెలుసు, నేనే ఒప్పుకున్నాను. వీళ్లు నన్ను నమ్మి ఖాళీ కాగితం మీద వేళ్లు పెట్టారు. గేటు బయట నిలబడిందే, ఆ పిల్లను తీసేయమని ఆ పిల్ల వేలితోనే రాయించాను. తప్పు నాది. ఈ కాగితం చెల్లదు."

ఫొటో తీసేవాడు కెమెరా దించాడు. తర్వాత వెనక కుర్చీలోంచి ఎవరో, "అయితే పార్కింగ్ సంగతి ఏమైనట్టు?" అన్నారు.

సెక్రటరీ సాబ్ కాగితం కోసం చెయ్యి చాపాడు. మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. పాపం, మర్యాదస్తుడు. "అయితే టాయిలెట్ కూడా మరిచిపోండి" అన్నాడు మెల్లగా.

పార్కులో నన్ను మధ్యలో కూర్చోబెట్టి తిట్టారు చూడండి, నా జన్మలో అన్ని తిట్లు, అన్ని భాషల్లో వినలేదు. సగం మంది ఎందుకు చేశావని, సగం మంది ఎందుకు చెప్పావని. మంటతో బాధపడిన ఆమె ఏడ్చేసింది. "చేతికొచ్చింది పోగొట్టావు దీదీ. ఆమె ఒక్కతి కోసం మేమంతా మాడాలా?" అంది.

చెల్లి దగ్గరికొచ్చింది. "ఆ కాగితాలు ఎక్కడున్నాయి?" అని మాత్రం అడిగింది. మునిర్కా వెళ్లి బైబిల్లోవి నాలుగూ తెచ్చి, జాకెట్లోదీ కలిపి ముందు పెట్టాను. ఆమె అయిదు కాగితాల్లోంచీ తన వేలు మాత్రం చించి తీసుకుని కొంగున ముడి వేసుకుంది. అది చూసి అందరూ ఎగబడ్డారు. నాది నాకివ్వు, నాది నాకివ్వు.

"ఈ లావుది నీదేనే మౌసీ!"

"నా వేలు అంత లావా? సరిగ్గా చూడు, అది నీ కాలివేలు అయ్యుంటుంది!"

ఏడ్చిన ఆమె కూడా నవ్వింది.

నేను లేచి, ఇక లీడరుగా ఉండనన్నాను. మౌసీ నా కొంగు పట్టి లాగింది.

"అచ్ఛా! తప్పు చేసి ఇంటికెళ్లి పడుకుంటావా? భలే సుఖం! కూర్చో. రేపు పొద్దున సిరా డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడాలి నువ్వు. కొత్త అర్జీలో రెండూ ఉండాలి, టాయిలెట్టూ, ఈ పిల్ల కార్డూ. ప్రతి ఒక్కరికీ చదివి వినిపించాలి. విన్నాకే వేలు."

మర్నాడు ఆరున్నరకు గేటు బయట నిలబడ్డాం. పై గది అమ్మాయి కళ్లు నులుముకుంటూ వచ్చింది, చేతిలో అర్జీ. ఒక్కొక్కరికీ హిందీలో చదివేది. హిందీ సరిగా రాని వాళ్లకు చెల్లి బెంగాలీలో చెప్పేది. ముందు రోజు దెబ్బ తిన్నారు కదా, ఎవరూ ఒక్కసారికి ఒప్పుకోలేదు. "ఇంకోసారి చదువు." "ఈ మాటకి అర్థమేంటి?" "టాయిలెట్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది? అది రాయలేదే!" నిజమే, రాయలేదు. పెన్నుతో కలిపి మళ్లీ మొదటి నుంచి చదివింది. వేలు పెట్టాక మౌసీ ఇంకో నియమం పెట్టింది. సిరా పూర్తిగా ఆరేదాకా ఎవరూ లోపలికి పోకూడదు, పరాఠాలకు అంటుకుంటుంది.

మీ మీద ఒట్టు, మేం సమ్మె అనుకోలేదు. కానీ ఏడయింది, ఏడున్నరయింది, నాలుగు బ్లాకుల్లో ఒక్క ఇంట్లో చాయ్ లేదు. ఎనిమిదికి మెంబర్లు దిగడం మొదలుపెట్టారు. ఒక కల్నల్ గారు నిక్కరుతో, చేతిలో మాడిన పాలగిన్నెతో వచ్చి, వరసలో నిలబడ్డ తన పనామెను, "పంచదార ఎక్కడ పెట్టావు?" అని అడిగాడు. ఆమె, "ఒక్క నిమిషం సాబ్, రెండో పేరా వింటున్నాను" అంది.

సెక్రటరీ సాబ్ పైజామాతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటిది? సమ్మెనా?"

"కాదు సాబ్, చదువుకుంటున్నాం" అన్నాను.

ఊరికే నిలబడలేక మెంబర్లు కూడా వినడం మొదలుపెట్టారు. బి బ్లాకు పెద్దమ్మ ఒకావిడ చదవడం అయ్యేదాకా విని, "ఆగాగు. వీళ్లకి టాయిలెట్ లేదా? ఒక్కటీ లేదా? ఇన్నాళ్లూ?" అంది. సెక్రటరీ సాబ్ నేల చూశాడు. నిజం చెప్పాలంటే ఆవిడ ఇంట్లో వంట చేసేది నేనే. అప్పటికే ఎన్నేళ్లుగానో చేస్తున్నాను. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. అందుకే అన్నాను, చెడ్డవాళ్ల కోసం వెతక్కండని.

మా మంచితనం చూసి గెలిపించారని మాత్రం చెప్పను. చాయ్ ఆలస్యమైందని గెలిపించారు. టాయిలెట్ వానలు మొదలయ్యాక తెరిచారు. దానికి చాలా రోజులు గడియ లేదు. ఒకరు లోపలుంటే ఒకరు బయట కాపలా. లోపలున్నామె ఎంతసేపుందో కాపలా ఉన్నామె బిగ్గరగా చెప్పేది.

నా సంగతంటారా? సంఘంలో ఉంచారు. కానీ అప్పట్నుంచి సొసైటీ ఆఫీసుకి నన్ను ఒంటరిగా పంపలేదు. సిరా డబ్బా చెల్లి దగ్గర పెట్టారు. నేను అడిగితే, "ముందు నాకు చదివి వినిపించు" అనేది. చదవడం రాదని తెలిసీ అడిగేది. నేను మూడంతస్తులు ఎక్కి ఈ అమ్మాయిని లాక్కొచ్చేదాన్ని. మోకాళ్లు అరిగింది అక్కడే.

పిల్లలూ, నాకు ఉపన్యాసాలు రావు. ఒక్కటే చెబుతాను. నలుగురు మనల్ని నమ్మి ఏదైనా మన చేతిలో పెడితే, అది మన దగ్గర దాచుకోమని ఇచ్చింది, వాడుకోమని కాదు. వాడుకోవాల్సి వస్తే తిరిగి వాళ్ల గడపకి వెళ్లి అడగాలి. విసుక్కుంటారు, తిడతారు, పది రోజులు పడుతుంది. పట్టనివ్వండి.

చెల్లి కార్డు మాత్రం అదే వారం, గురువారం నాడు తెరిచారు. నేను పొద్దున్నే గేటు లోపల నిలబడ్డాను. గార్డు కార్డు పెట్టాడు, పచ్చ లైటు వెలిగింది. ఆ పిల్ల గొడుగు మూసి లోపలికొచ్చింది. నేను చెయ్యి చాపాను. పట్టుకోలేదు.

"దీదీ, అన్ని రోజులు ఎండలో కూర్చున్నాను. ఇంకో రెండు రోజులు కోపంగా ఉండనివ్వు" అంది.

"ఉండమ్మా" అన్నాను.

రెండు రోజులు నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేనూ పలకరించలేదు, అడిగినంత ఇవ్వాలి కదా. మూడో రోజు పొద్దున నేను ఏ-బ్లాకు మెట్లు ఎక్కుతుంటే, సి బ్లాకు నుంచి బకెట్టు ఊపుకుంటూ పరుగెత్తుతూ, సొసైటీ మొత్తానికీ వినపడేలా అరిచింది.

"దీదీ! ఇవాళ్టి నుంచి కోపం లేదు! కానీ ఇప్పుడు మాట్లాడించకు, లేటైపోయింది!"